గాలి జాలీలు, లూవర్లు: కొలత, ఎంపిక

జాలీని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది దాని బయటి కొలత కాదు, గాలి నిజంగా దూరే ఖాళీ. రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న కంత వైశాల్యం మూడు చదరపు అడుగులు. వాలు పలకల లూవర్ బిగిస్తే అందులో సుమారు సగమే మిగులుతుంది. వెనక దోమతెర కొడితే ఇంకా తగ్గుతుంది. ఆ తెరకు దుమ్ము పడితే ఇక చెప్పనక్కర్లేదు.

కంత వెడల్పును పైన, నడుమ, కింద టేపుతో కొలవాలి. ఎత్తునూ అలాగే మూడుచోట్ల చూడాలి. గోడలో మూడు కొలతలూ ఒక్కటిగా రావడం అరుదు. అన్నిట్లో తక్కువదాన్ని తీసుకుని, బిగింపు సందుకు 5 నుంచి 10 మిల్లీమీటర్లు తగ్గించాలి.

ఆలయ పట్టణమైన యాదగిరిగుట్టలో, లాడ్జీలు, సత్రాల స్నానపు గదులకు ఈ లెక్క బాగా పనికొస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలితో వాన వస్తుంది. అందుకే పడమటి గోడకు పెట్టే లూవర్ పలకలు బయటివైపు కిందికి వాలి, ఒకదానిపై ఒకటి కప్పుకుని ఉండాలి. ఏళ్ల తరబడి ఎండకు పీవీసీ పెళుసుబారుతుంది, అల్యూమినియమే మేలు. వేడిగాలి పైకి పోతుంది కనుక ఒక జాలీ కప్పు దగ్గర, మరొకటి ఎదుటి గోడకు కిందిభాగంలో అమర్చాలి.