ఇసుకతిన్నెల పహాణీ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగపాఠము)



పహాణీ యనగా నేమో ఈ సభలోని వృద్ధులకు చెప్పనక్కరలేదు. పిల్లలకు మాత్రము రెండు మాటలు చెప్పవలెను. పట్వారీల కాలమున గ్రామమందలి ప్రతి సర్వేనంబరునకును పహాణీలో నొక వరుస యుండెడిది. పట్టాదారెవరు, అనుభవించువారెవరు, ఆబిలో ఏమి వేసిరి, తాబిలో ఏమి పండెను, శిస్తెంత - ఇదియంతయు ఏటేట చేనిగట్టుమీద నిలిచి, కన్నులార చూచి వ్రాయవలసినది. ఇంటివద్దనే కూర్చుండి నిరుటి వరుసను తిరిగి దింపిన ఘనులును లేకపోలేదు. ఆ కథ వేరు. గోదావరి కావల భద్రాచలము తాలూకా మదరాసు రాజధానిలోనిది గనుక అదే లెక్కను అచ్చట అడంగల్ అను పేరుతో కరణము వ్రాసెడివాడు. ఆ తాలూకా తూర్పుగోదావరినుండి ఖమ్మముజిల్లాకు వచ్చినది 1959లో.

ఈవలి పహాణీయైనను, ఆవలి అడంగలైనను, నడుమనున్న ఏటి యిసుకయొద్దకు వచ్చుసరికి కలము నిలిచిపోయెడిది. పంట లేదు, శిస్తు లేదు, అనుభవించువాడు లేడు. గడి ఖాళీ. ఈనాటి ప్రసంగము ఆ ఖాళీగడిని గూర్చినది. ఆ యిసుకకు అనుభవదారులు గలరు. వారు పట్టా అడుగరు, తకావీ అడుగరు, కార్తె తప్పక వత్తురు.

వానకాలమున గోదావరి భద్రాచలమువద్ద 43 అడుగులు చేరిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది యని ఈ ప్రాంతమున పసివారికిని తెలియును. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ వరదయే పాత తిన్నెలను కోసికొనిపోయి క్రొత్త తిన్నెలను పెట్టును. కావున ఇసుకకు సర్వేరాళ్లు పాతుట యెవరితరమును గాదు. నీరు తీసి, ధనిష్ఠకార్తె నాటికి, అనగా ఫిబ్రవరి మొదటివారమునకు, ఏటినడుమ తిన్నెలు తెల్లగా బయలుపడును. అప్పుడు మొదలగును ఇసుకయొక్క తాబి.

నెత్తిన నల్లని టోపీ పెట్టినట్లుండి, ముక్కు పండిన నిమ్మపండువలె పచ్చగా, తోక కత్తెరవలె చీలియుండు పక్షి యొకటి నీటిపైని తల వంచి చూచుచు ఎగురుచుండును. చేప కనబడినంతనే రాయి పడినట్లు పడును. ఇంగ్లీషువారు దీనిని రివర్ టెర్న్ అందురు. గూడనదగినది దీనికి లేదు. రొమ్ముతో ఇసుకను దొలిచి చిన్నగుంట చేసి, అందు రెండుమూడు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు బూడిదవన్నెపై గోధుమరంగు మచ్చలతో అచ్చముగా గులకరాయివలె నుండును. కాలు మోపబోవునంతవరకు మనిషికంటికి ఆనదు. నక్కకంటికిని కాకికంటికిని ఆనకుండుటకే ఆ వేషము. వానకోవెలను పోలిన పొడుగురెక్కల చిన్నపిట్ట, ఇసుకరంగుదే, మరియొకటి అదే తిన్నెపై గుంపుగా గ్రుడ్లు పెట్టును. ఒడ్డునకు దగ్గరగా రాళ్లుగల చోటు తీతువుది.

తీతువును గూర్చి ఒకమాట. అది రాత్రి అరచిన చావుకబురు వచ్చునని భయపడువారు నేటికిని గలరు. తన గ్రుడ్లవైపు నక్కయో, కుక్కయో, మనిషియో వచ్చుచున్నదని అది తన జంటకు చెప్పుకొనుచున్నది. చావుకబురు నిజముగా దాని యింటిదే.

పొదుగుటయనగా గ్రుడ్లను వెచ్చజేయుటయని బడిపుస్తకములందుండును. కోడిపెట్ట విషయమున నది నిజమే. అశ్విని, భరణికార్తెలలో గోదావరి యిసుకమీద, చెప్పులు లేక నాలుగడుగులు వేయలేని మిట్టమధ్యాహ్నమున, ఈ పక్షులు చేయు పని వేరు. అవి గ్రుడ్లపై నిలిచి నీడపట్టును. అంతటితో చాలక ఏటికి పోయి, రొమ్ము ఈకలు నీట తడిపికొని వచ్చి, ఆ తడితో గ్రుడ్లను చల్లబరచును. తల్లియు తండ్రియు వంతులు వేసికొని సుమారు మూడువారములు చేయు చాకిరి యిది. ఇట్టి వేళ మనిషి యొక్కడు ఆ తిన్నెమీద ఊరక నడచినను చాలును. పక్షులన్నియు లేచి నెత్తిపై అరచుచు తిరుగును. చూచువానికి వినోదము. క్రింద నీడలేని గ్రుడ్డు కొద్దిసేపటిలోనే ఉడికిపోవచ్చును. వానిచేతికి కఱ్ఱ లేదు, ఉండేలు లేదు. ఏ పాపము చేసినట్లును వానికి తెలియదు.

ఇసుకను నమ్ముకొన్నవి పక్షులే గావు. తాడ్వాయి కొండలవైపు పుట్టి, అడవులగుండ వచ్చి గోదావరిలో కలియు కిన్నెరసాని ఈ ప్రాంతపు టాడుబిడ్డ. విశ్వనాథవారి పాటలలో ఆమె కరగి యేరైన యువతి. ఇప్పుడామెకు ఆనకట్టయు, దానిచుట్టు 1977లో ఏర్పడిన అభయారణ్యమును గలవు; సుమారు 635 చదరపు కిలోమీటర్లు. ఆ జలాశయమున మొసళ్లున్నవి. తల్లిమొసలి వేసవి తొలిదినములలో ఒడ్డున గుంట త్రవ్వి, పాతికముప్పది గ్రుడ్లు పెట్టి కప్పును. సుమారు రెండుమాసములకు లోపలినుండి పిల్లలు కూయును. ఆ కూత విని తల్లి గుంటను త్రవ్వి, పిల్లలను తన కోరలనడుమ నుంచుకొని నీటికి చేర్చును. మనిషి పేరు చెప్పిన భయపడు నోరు పిల్లలకు పల్లకియగుట చిత్రము కాదా?

ఇదే గోదావరి భద్రాచలము దాటి, పాపికొండలను చీల్చికొని, ధవళేశ్వరము కట్టను దాటి సముద్రమున కలియునెడ, ఆ తీరపు టిసుకకును ఇట్టి తాబియే కలదు. జనవరినుండి మార్చివరకు ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి, ఒక్కొక్కటి నూరుదాక గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక పోవును. నెలన్నర మొదలు రెండునెలల వ్యవధిలో పిల్లలు తమంతట లేచి నీటిమెఱుపును బట్టి సముద్రమునకు నడచును. ఒడ్డున విద్యుద్దీపములు వెలిగిన అవి దారితప్పి ఊరివైపు పోవును. సముద్రతీరమున కొన్నిచోట్ల గ్రుడ్లను సేకరించి, కంచె కట్టి కాచి, పిల్లలను లెక్కపెట్టి నీట విడుచుచున్నారు. లెక్కపెట్టుట యన్నమాటను సభ్యులు గుర్తుంచుకొనవలెను, దానిపని ముందున్నది.

ఇసుక విడిచి కొండ యెక్కిన, అక్కడ తాబికాలమున ఇప్పచెట్టుదే రాజ్యము. మార్చి, ఏప్రిల్ మాసములలో ఇప్పపూవు రాత్రియంతయు రాలును. తెల్లవారుజామున కోయ స్త్రీలు గంపలతో పోవుదురు. అదే వేళకు అదే పూవుకై ఎలుగుబంటియు వచ్చును. ఇద్దరిదియు ఆకలియే, ఇద్దరికిని హక్కున్నది. ఎలుగు చూపు మందము గనుక, దగ్గరగా తారసిల్లిన మీదబడును. గుంపుగా, మాటలాడుకొనుచు పోవుట ఆ స్త్రీలకు పెద్దలు నేర్పిన జాగ్రత్త. అయితే పూవేరుట సులభమగునని చెట్టుక్రింది ఎండుటాకుకు నిప్పుపెట్టుట మాత్రము ఎవరికిని మేలుకాదు. ఆ నిప్పు చెట్టుక్రింద నిలువదు. కొండంతయు ప్రాకును. నేలమీద గ్రుడ్లుపెట్టు పిట్టలన్నింటి కాపురములును, పాకిపోవ కాళ్లులేని పిల్లలును ఒక్క రాత్రిలో బూడిదయగును. తునికియాకు చిగురుకై పెట్టు నిప్పును ఇట్టిదే.

మృగశిర చల్లబడగనే వచ్చు అతిథి పొన్నంగిపిట్ట. ఆకుపచ్చ, నీలము, పసుపు, నలుపు, తెలుపు, తోకక్రింద కుంకుమ - చిత్రకారుడు కుంచెలు తుడుచుకొన్నట్లుండును. చలికాలమంతయు దక్షిణదేశమునను సింహళమునను గడపి, వానలతో ఈ మన్యపు టడవులకు గూడుకట్టుకొన వచ్చును. ప్రయాణము రాత్రులందు. అలసి, దీపపు వెలుగుకు భ్రమసి ఇండ్లలో పడిన పొన్నంగిపిట్టలు పలుచోట్ల దొరకినవి. ఉదయము, సాయంకాలము రెండుపలుకుల ఈల వేయుటచే తమిళులు దీనిని ఆరుగంటల పిట్ట యందురు. కొత్తగూడెములో 1937 మొదలు బొగ్గు తీయుచున్నారు. రాత్రిషిఫ్టు ముగించి బాయి పైకివచ్చు కార్మికునికి ఆ యీల వినబడు అవకాశము, ఎండపొడిచినపిదప లేచువానికంటె ఎక్కువ.

ఆరుద్రకు ఆరుద్రపురుగు. పట్టుముక్కవంటి ఆ యెఱ్ఱని పురుగు తొలివానకు నేలనుండి పైకి వచ్చుటయు, రైతు విత్తనపుగంప దించుటయు ఒక్కటే సమయము. దానిపిల్ల మిడుతలను పట్టి పీల్చును. పెరిగినది పురుగుల గ్రుడ్లు తినును. రైతుకు జీతము పుచ్చుకొనని పాలేరు. దానిని సీసాలలో నింపి మందుకని అమ్ముకొనువారు ఈ సంగతి ఎఱుగరు కాబోలు.

చాతకమును గూర్చి కవులు చాల చెప్పినారు. వానచినుకు తప్ప ముట్టదని, నోరు తెరచి మేఘమును యాచించునని వర్ణన. నెత్తిన జుట్టుగల ఆ నలుపుతెలుపు పక్షి ఉత్తరమధ్యభారతములకు ఆఫ్రికానుండి ఋతుపవనముతో పాటు సముద్రముమీదుగా వచ్చుచున్నది. వానలకు పుట్టు బొచ్చుపురుగులు దానికి ఆహారము. కోయిలవలెనే తన గ్రుడ్లను పరుల గూటిలో పెట్టి పెంపించుకొనును. దీనితో కవుల మాట అబద్ధమైనదని నవ్వువారున్నారు. వానకును ఆ పక్షికిని గల చుట్టరికమును మొదట కనిపెట్టినది దానిని ఆరుబయట చూచినవారే. తరువాతివారు పుస్తకముచూచి పుస్తకము వ్రాసిరి, దోషము వారిది.

ఖంజరీటము సంగతియు నంతే. అమరకోశము వల్లించి, నాయిక కన్నులకు ఉపమానమని అప్పజెప్పగల విద్యార్థి, అది తన యింటివెనుక కాలువగట్టున తోకయాడించు కాటుకపిట్టయని యెఱుగడు. వర్షములు వెనుదీసిన తరువాత హిమాలయములవైపునుండి వచ్చి, వేసవి ముదరకముందే మరలిపోవును. దసరానాటికి ఇంచుమించు వచ్చియుండును గాని ఆ దినమున అందరును వెదకునది పాలపిట్టను. పైరుమీద పురుగు పుష్కలమైన ఆ ఋతువున తీగలమీద, మోడులమీద కూర్చుండి అది తానుగా దర్శనమిచ్చును. కొన్నిచోట్ల దానిని ముందే పట్టి, పంజరమునబెట్టి, రూపాయలకు చూపుచున్నారు. రెక్కవిప్పలేని పాలపిట్టను చూచి జయము కోరువారి ధైర్యమును మెచ్చవలెను.

చలికాలపు పద్దులో పెద్దపేరు ఒకటి కలదు. తల వెనుక రెండు నల్లగీతలుగల బాతు టిబెట్టు, మంగోలియా సరస్సులనుండి హిమాలయమును దాటి తెలంగాణపు చెరువులకు వచ్చుచుండును. మానససరోవరపు హంసలను గూర్చి చదివినవారు ఇట్టిదానిని ఒక్కమారు చూచిన, ఆ పద్యములను తిరిగి తెరువకుండ నుండలేరు.

ఇక తిన్నెల సంగతి. నదీతీరముల టెర్న్ పక్షి ఒకప్పుడు సామాన్యము. ఇప్పుడు ప్రపంచపు పట్టికలలో ముప్పునకు లోనైనవానిలో చేరినది. కారణములు దూరమున లేవు. నీరు మిక్కిలి తగ్గగా తిన్నెకు ఒడ్డునకు నడుమ దారి ఏర్పడి ఊరకుక్కలు దాటుచున్నవి. పశువులు త్రొక్కుచున్నవి. పిల్లలు గ్రుడ్లేరుచున్నారు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరమని వారికి చెప్పినవారు లేరు. లారీలు చక్రములతో తిన్నెనే మోసికొనిపోవుచున్నవి. ఇసుక తీయరాదని ఇచ్చట ఎవరును అనుటలేదు, ఇండ్లు కట్టుకొనవలసినదే. ఫిబ్రవరినుండి మృగశిరవరకు గ్రుడ్లున్న తిన్నెను విడిచి ప్రక్కతిన్నెను త్రవ్విన నష్టమెవరికి? గ్రుడ్లున్న తిన్నె యేదని అధికారులడిగిన చూపుటకు కాగితము లేదు. కాగితము లేనివాని హక్కేపాటిదో పట్టాదారులకు వేరుగ చెప్పవలెనా?

1931-32లో సాలిం అలీ నైజాంరాజ్యమందలి పక్షులను తిరిగి చూచి, స్థలమును కాలమును గుర్తించి వ్రాసినందుననే, తొంబదియేండ్ల తరువాతను ఏది తగ్గినది, ఏది పోయినది యని ప్రశ్నించుటకు ఆధారమున్నది. అది యొక్కని పని. ఇచ్చట పడవవారున్నారు, పశువులకాపరులున్నారు, ఇప్పపూవేరు స్త్రీలున్నారు, షిఫ్టుదిగు కార్మికులున్నారు, ఈ చాపలమీది పిల్లలున్నారు.

అందుచే రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ కార్యవర్గమువారికి చిన్న మనవి. పత్రికలబల్లమీద, చందాపుస్తకము ప్రక్కన, గీతలుకొట్టిన ఒక లావుపాటి పుస్తకమును దారముతో కట్టి యుంచవలెను. మొదటి గడి కార్తె, తేదీ. రెండవది స్థలము: ఏ రేవు, ఏ తిన్నె, ఏ కొండ. మూడవది ఏమి కనబడినది, ఎన్ని. నాలుగవది ఏమి చేయుచుండెను. అయిదవది చూచినవారి పేరు. పేరు తెలియని పక్షికి రంగు, ముక్కు, కాళ్లు వ్రాసిన చాలును. వ్రాతరానివారు చెప్పగా బడిపిల్లలు వ్రాయవలెను. ఏమియు కనబడనిచో కనబడలేదనియే వ్రాయవలెను, అదియు లెక్కయే. గ్రుడ్లున్న తిన్నెను గూర్చి ఒడ్డుమీదినుండి చూచియే వ్రాయవలెను గాని దిగి చూడరాదు. దించిన నిరుటి వరుసలకు మాత్రము ఈ పుస్తకమున చోటులేదు.

రాబోవు ధనిష్ఠకు ఇంకను వ్యవధి యున్నది. అంతలో పుస్తకము కుట్టించి, గీతలు కొట్టించుట సాధ్యమే.