మహాలక్ష్మి అన్నది తిట్టా, పొగడ్తా?

(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యంగ్యం గురించి మాట్లాడమన్నప్పుడు, మనది సాహిత్య సభ కాదు కదా అని వెనకాడాను. తర్వాత నేను చేసిన పొరపాటొకటి గుర్తొచ్చి ఒప్పుకున్నాను.

కొన్నేళ్ల క్రితం మా సలహా కేంద్రానికి, పెళ్లయి ఏడాది తిరగని ఒకామె వచ్చింది. అత్తగారు ఏమంటుందని అడిగితే, "మా ఇంటికి మహాలక్ష్మి నడిచొచ్చింది, తెచ్చిన పెట్టెలకు చోటే చాల్లేదు అని నలుగురిలో అంటుందక్కా" అంది. అన్నది అన్నట్టే రాశాను. స్టేషనులో అధికారి చదివి, "కోడల్ని లక్ష్మీదేవి అన్నారు, ఇందులో హింస ఎక్కడుందమ్మా?" అన్నాడు. ఆమె ఒక్క చేతిసంచీతో కాపురానికి వెళ్లిందని నేను రాయనేలేదు. మాట కాగితం మీదికి ఎక్కింది, గొంతు ఎక్కలేదు.

మాటకూ వాస్తవానికీ మధ్య ఉన్న ఆ ఎడంలోనే వ్యంగ్యం ఉంటుంది. పైకి పొగడ్త, లోపల తిట్టు ఒక రకం. మన ఇళ్లలో దాన్నే ఎత్తిపొడుపు అంటాం. పైకి తిట్టు, లోపల భక్తి ఇంకో రకం. ఈ రెంటినీ అలంకారశాస్త్రం వ్యాజస్తుతి అంది. రామదాసు చెరసాల నుంచి, సీతమ్మ నగలకు ఎంత ఖర్చయిందో రాముడికి లెక్క చెప్పి నిలదీశాడు. "నేనూ ప్రేమకొద్దీ తిట్టాను" అనే మొగుళ్లు మనకు తారసపడుతూనే ఉంటారు. రామదాసు కింద ఉండి పైవాడిని అడిగాడు. వీళ్లు పైన కూర్చుని కింద ఉన్నవాళ్లను అంటారు. ఎవరు ఎవరిని అంటున్నారో చూడకుండా వ్యంగ్యాన్ని తూచలేం.

పాత్రకు తెలియనిది ప్రేక్షకులకు తెలిస్తే పుట్టే వ్యంగ్యం వేరు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు డబ్బిచ్చి కట్టుకున్నది ఆడవేషం వేసిన మహేశాన్ని. ముసలాయనకు తెలియదు, మనకు తెలుసు, నవ్వుతాం. ఆ పీటల మీద కూర్చోవలసింది పసిపిల్ల సుబ్బి అని గుర్తొస్తే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. ఇక గిరీశం. వితంతు వివాహం గురించి అతను చెప్పేవాటిలో చాలా మాటలు న్యాయమైనవే. వాటిని అతని నోట పెట్టడంలోనే ఉంది గురజాడ వ్యంగ్యం. (మన సభలకు వచ్చే గిరీశాల జాబితా ఇప్పుడు చదవను.)

ఎవరూ అనకుండా, జరగడంలోనే ఉండే వ్యంగ్యం మరొకటి. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కోసం ప్రభుత్వమే రాత్రిబడులు పెట్టించింది. అక్కడి వాచకంలోని సీతమ్మ కథ చదివి ఆడవాళ్లు తమ ఊరి సారా గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో రాజుకున్న ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకింది. సారా మీద ఆదాయం తినే ప్రభుత్వానికి దాని వాచకమే ఎసరు పెట్టింది! 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో రెండోదాన్ని సడలించారు. చదువు చెప్పినవాళ్లే ఆ చదువుకు జడిశారు.

మళ్లీ మన పనిలోకి వద్దాం. 2005 గృహహింస చట్టం అవమానాన్నీ, ఎగతాళినీ మాటలతో చేసే హింస కింద స్పష్టంగా చేర్చింది. పిల్లలు పుట్టలేదని, మగపిల్లాడు లేడని దెప్పడాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. అంటే చట్టానికి వ్యంగ్యం తెలుసు. తెలియనిది మన రాతకే. మాట ఒక్కటే రాస్తే చాలదు. ఎవరి ముందు అన్నారు, అప్పుడు ఏం జరుగుతోంది, విన్నవాళ్లు నవ్వారా, ఎన్నిసార్లు అన్నారు, అసలు నిజమేమిటి, ఇవన్నీ అడిగి పక్కనే రాయాలి. వచ్చినామె "ఏం లేదక్కా, నవ్వుతూనే అన్నారు" అంటే అక్కడే ఆగి మళ్లీ అడగాలి.

ఆ ఫిర్యాదును నేను తిరగరాశాను. చేతిసంచీ సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాను. ఇప్పుడు మీరు తెచ్చిన ఫిర్యాదు కాగితాలు బయటికి తీయండి. పేర్లు మూసి, ఒక్కొక్కటీ గట్టిగా చదువుదాం.