గుండెకు చేరే రక్తం

దేహమంతటికీ రక్తాన్ని పంపే హృదయం తన గదులలో నిండిన రక్తంతోనే పోషణ పొందుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి మందమైన ఆ కండరానికి వేరుగా రక్తం అందాలి. బృహద్ధమని మొదట్లోనే పుట్టే రెండు కరోనరీ ధమనులు ఆ పని చేస్తాయి. కిరీటంవలె గుండెను చుట్టి ఉన్నందున వాటికా పేరు. వాటి పెద్ద కొమ్మల వెడల్పు సైతం 3, 4 మిల్లీమీటర్లే.

గుండె ముడుచుకొన్నప్పుడు తన కండరంలోని నాళాలను తానే నొక్కివేస్తుంది. కనుక ఎడమ జఠరికకు రక్తం ప్రధానంగా సడలిన క్షణాలలోనే చేరుతుంది. కొట్టుకొనే వేగం పెరిగితే ఆ విరామం తగ్గుతుంది, అవసరం పెరుగుతుంది. నాళం ఇరుకైనవారికి మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్లుండి, కాసేపు నిలబడగానే తగ్గడానికి ఇదొక కారణం. ఆ తగ్గడమే మనిషిని మోసగిస్తుంది.

ధమని లోపలి పొరలో కొవ్వు చేరడం యౌవనంలోనే ఆరంభమై దశాబ్దాలపాటు చప్పుడు లేకుండా సాగుతుంది. పొగాకు, రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్ దానిని త్వరపెడతాయి. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావారికి తొలి గుండెపోటు ఇతరులకన్నా ఐదారేళ్లు ముందుగా వచ్చినట్లు తేలింది. గొట్టంలో పాచి పేరుకొన్నట్లనే పోలిక సగమే సరి. నాళాన్ని సగమైనా మూయని పూడిక పైపొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టినా గుండెపోటు వస్తుంది. నిన్నటివరకు హాయిగా నడిచిన మనిషి నేడు కుప్పకూలేది ఇందువల్లనే.

అట్టి వేళ ఇళ్లలో మొదట వినిపించే మాట “గ్యాసు పట్టింది” అని. సోడా తాగి, వాము నమిలి, తెల్లవారే దాకా వేచి ఉండే గంటలలోనే కండరం నశిస్తుంది. రక్తం పూర్తిగా ఆగితే సుమారు 20 నిమిషాల నుండే ఆ నష్టం మొదలు; పోయిన కండరం తిరిగి రాదు, మచ్చగా మిగులుతుంది. స్త్రీలలోను, మధుమేహం గలవారిలోను నొప్పి లేకుండానే ఆయాసం, చెమట, వికారం, అంతులేని నీరసం కనిపించవచ్చు. ఇల్లాలికి ఆయాసం వస్తే పని ఎక్కువైందని సరిపెట్టుకొనే ఇళ్లే ఎక్కువ.

అనుమానం కలిగినప్పుడు రోగి తానే బండి నడుపుకొని పోరాదు. 108కు ఫోను చేయాలి. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నా ప్రమాదం తప్పినట్లు కాదు. దానిని మళ్లీ తీయవలసి రావచ్చు, ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా అవసరమవుతుంది. ఇంట తెలుగు, ఆసుపత్రిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడవలసిన కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. “గుండెల్లో మంట” అన్నది అక్కడివారికి కడుపుమంటగా అర్థం కావచ్చు. చేయి ఛాతీపై ఉంచి చూపించి, నొప్పి మొదలైన సమయాన్ని అంకెలలో ఒక కాగితంపై వ్రాసి, వాడుతున్న మందుల చీటీతో కలిపి ఇస్తే వైద్యునికి ముందుగా కావలసిన సమాచారం అందినట్లే.