మగ్గం కింద మిగిలిన గుడ్డముక్క
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

ఆడోళ్లు వెనక కూర్చోవడం మన సభల్లో వాడుక. ఈ పొద్దు నేను చెప్పేది ఎక్కువగా వాళ్ల గురించే, అందుకని కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ కన్నడ బడిలో. తెలుగు ఇంట్లో మాట్లాడేది, చదవడం రాయడం తర్వాత సొంతంగా పట్టుకున్నది. మాటల్లో కన్నడం కలిస్తే సర్దుకోండి, మన సీమలో అది కొత్తేమీ కాదు కదా.

నూలు ధర గురించి, సర్కారు సాయం గురించి పెద్దలు ముందే మాట్లాడినారు. నేను ఎత్తుకున్నది చిన్న విషయం: గుడ్డముక్కలతో పిల్లోళ్లకి, ఇంటికి చేత్తో కుట్టే వస్తువులు. చిన్నదే గానీ దాని వెనక ఒక పెద్ద లెక్క ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పడుగు అయిపోయినప్పుడు చివర్న మూరెడు పైన నూలు నెయ్యడానికి రాకుండా మిగిలిపోతుంది. కొత్త పడుగు అతికినా కొంత కోసి పారెయ్యాల్సిందే. అచ్చు తప్పిన గుడ్డ, మరక పడిన గుడ్డ, కొలత చాలని గుడ్డ, ఇవన్నీ సంఘం గదిలో మూటలు కట్టి మూల పడేస్తారు. ఏడాదికొకసారి పాతసామాన్ల వాడు వచ్చి కిలో లెక్కన తూకం వేసి తీసుకుపోతాడు. నేసినోడి చెయ్యి, కండె చుట్టినామె చెయ్యి, రెండూ ఆ తూకంలోనే పోతాయి.

మన అవ్వలు ఇట్ల పారెయ్యలేదు. బొంత కుట్టినారు, పసిబిడ్డకి కుళ్లాయి కుట్టినారు, నీళ్ల బిందె కింద తలమీద పెట్టుకునే చుట్ట చేసినారు, దిండు గలీబులు, సంచులు, గుడ్డబొమ్మలు చేసినారు. చాలా ఇండ్లల్లో బిడ్డ పుడితే మొదట వేసేది కొత్త గుడ్డ కాదు, బాగా ఉతికి మెత్తబడిన పాత చీర ముక్కే. అది పేదరికం అనుకోవద్దు, పసి ఒంటికి ఏది మంచిదో వాళ్లకి తెలుసు. ఉత్తర కర్ణాటకంలో మన బొంతనే కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది ఆడోళ్లు కుట్టే బొంతలకి ఇప్పుడు దూర దూరాల నుంచి కొనేవాళ్లు వస్తా ఉన్నారు. సండూరు లంబాణీ కుట్టుపనికి జి.ఐ. గుర్తింపే వచ్చింది.

పిల్లబొంత ఎట్లా కుట్టేదో చెప్తాను, ఇది నా భార్య దగ్గర నేను చూసి రాసుకున్నది. మగ్గం మీది ముక్కలో గంజి ఉంటుంది. గంజి పూర్తిగా పొయ్యేదాకా వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు ఉతకాలి. రంగు పోతుందా లేదా చూడాలంటే తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. తెల్లగుడ్డకి రంగు అంటిందంటే ఆ ముక్కని పిల్లోళ్ల వస్తువుకి వాడద్దు, సంచికి పెట్టుకోండి. జరీ ఉండే ముక్క కూడా వద్దు, గీసుకుంటుంది. ఇప్పుడు ఆరంగుళాల చదరాలు కోసుకోండి. నాలుగు పక్కలా అర అంగుళం కుట్టులో పోతే ఐదంగుళాలు మిగులుతుంది. అడ్డం ఆరు, నిలువు ఎనిమిది, మొత్తం 48 ముక్కలు. 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడుగు బొంత వస్తుంది. మధ్యలో పాత పంచె రెండు మడతలు, అడుగున మెత్తటి పాత చీర. మూడూ కలిపి మొదట పెద్ద పెద్ద టాకాలు వేసి కదలకుండా పట్టుకోవాలి, తర్వాత నడిమి నుంచి బయటికి కుట్టుకుంటా రావాలి. అంచు నుంచి మొదలుపెడితే నడిమిలో గుడ్డ ఉబ్బి ముడత పడుతుంది. తొందరపడే పిల్లలు అక్కడే చెడగొట్టుకుంటారు.

మగ్గం కింద మిగిలే నూలు చివర్లు కూడా పారెయ్యద్దు. జడ అల్లితే సంచికి తాడు అవుతుంది, బొమ్మకి జుట్టు అవుతుంది. చిన్న చిన్న కత్తిరింపులు బొమ్మ కడుపులో నింపొచ్చు. బూరుగు దూది దొరికే ఊళ్లల్లో అది ఇంకా మేలు.

మన జిల్లాకి ఇంకొక సొత్తు ఉంది. శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్ ఎంత పేరున్నదో మీకు చెప్పేది లేదు. గుడ్లకోసం పెట్టిన గూడు నుంచి చిలక తొలుచుకుని బయటికి వచ్చిందంటే ఆ గూటికి తొర్ర పడుతుంది, దారం వరసగా రాదు. ఆ గూళ్లని కత్తిరతో రెక్కలు రెక్కలుగా కోసి, రంగులో ముంచి, సన్నతీగకి కడితే పువ్వు. పదేండ్ల పిల్ల కూడా చేస్తుంది. వాకిలి తోరణానికి, పెండ్లి మంటపానికి పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్కు పూలు కొనడం కంటే ఇది మన ఇంటి సంగతి.

పిల్లోళ్లకి సూది ఇయ్యాలా అంటారు కొందరు. గాంధీగారు 1937లో వార్ధాలో చెప్పిన బునియాదీ చదువులో చేతిపనే నడిమి స్తంభం. బడిలో తకిలీ తిప్పినవాళ్లు ఈ సభలో ఇంకా ఉన్నారు. ఆరేడేండ్ల బిడ్డకి మొద్దుమొన ఉన్ని సూది, గోనె ముక్క ఇస్తే చాలు, కుట్టు కిందికీ పైకీ పోవడం అర్థం అవుతుంది. మొగపిల్లోళ్లకి కూడా నేర్పించండి. మగ్గం మీద దారం అతికేది మొగోళ్లే కదా, గుండీ కుట్టుకుంటే తప్పేముంది?

గుడ్డబొమ్మ అమ్మేదానికి మాత్రం ఒక జాగ్రత్త. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలని కేంద్రం ఆర్డరు అమల్లోకి వచ్చింది. 14 ఏండ్లలోపు పిల్లోళ్లు ఆడుకునే వస్తువు అంటే దానికిందికి వస్తుంది. చేతిపని అభివృద్ధి కమిషనరు ఆఫీసులో నమోదయిన కళాకారులు సొంతంగా చేసి అమ్మేదానికి విడుపు ఇచ్చినారు. కాబట్టి బొమ్మలు చేసేవాళ్లు ముందు ఆ కార్డు చేయించుకోండి. కార్డున్నా లేకున్నా మూడేండ్లలోపు బిడ్డ బొమ్మకి కండ్లు గుండీలతో పెట్టద్దు, ఊడొస్తే నోట్లో వేసుకుంటారు. దారంతోనే కండ్లు కుట్టండి.

ఇక నేను చెప్పిన లెక్క. అమెరికాలో అలబామా అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడోళ్లు పొలంలో చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టేవాళ్లు, మన అవ్వల మాదిరే. 1966లో ఆ పక్క పల్లెల ఆడోళ్లంతా కలిసి ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. తర్వాత ఒక పెద్ద అంగళ్ల కంపెనీకి కార్డ్‌రాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టి ఇచ్చినారు. అందులో మిగిలిన ముక్కలు కూడా వాళ్ల బొంతల్లోకే చేరినాయి. 2002లో వాళ్ల బొంతలు హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియంలలో గోడలకి ఎక్కినాయి, 2006లో పోస్టు స్టాంపుల మీదికి వచ్చినాయి. మనవరాలు ఫోనులో చూపిస్తే నేను చాలాసేపు చూసినాను. బొంతల కంటే నాకు మనసులో నిలిచింది 1966 సంగతి. ముందు సంఘం, ఆమె పేరు పుస్తకంలోకి. మ్యూజియం ముప్పై ఆరేండ్ల తర్వాత.

మన పుస్తకాల్లో ఏముంది? 2019-20 చేనేత జనగణనలో దేశం మొత్తానికి 35 లక్షల 22 వేల మంది నేతగాళ్లు, అనుబంధ పనివాళ్లు. అందులో నూటికి డెబ్బై మందికి పైన ఆడోళ్లు. అదే మన ప్రాథమిక సంఘాల షేరు రిజిస్టరు తెరవండి, పేర్లు ఎవరివి? కండె చుట్టేది ఆమె, ఆసు పోసేది ఆమె, సంతకం మాత్రం ఆయనది. ఇప్పుడు ముక్కల పని మొదలైతే అదీ ఇట్లే పోతుందని నా భయం. "ఖాళీగా ఉన్నప్పుడు కుట్టు" అంటారు, దుడ్డు మగ్గం ఖాతాలోకి పోతుంది.

బొంతకి 20 గంటలు పట్టిందనుకోండి. గంటకి 50 రూపాయలు వేసినా కూలి వెయ్యి. గుడ్డ, దారం వేరే. ఆన్‌లైన్‌లో మిషన్ బొంత మూడు నాలుగు వందలకే వస్తా ఉంది, మనది ఎవరు కొంటారని అంగడాయన ఒకాయన నన్ను అడిగినాడు. మనం దానితో పోటీ పడేది లేదు. ధర తగ్గించి అమ్మితే ఆమె గంటలు ఉచితమని మనమే రాసిచ్చినట్టు. అందుకని రోజువారీ సరుకుకి సంచులు, గలీబులు, మసిగుడ్డలు పెట్టుకోవాలి, వాటికి మిషన్ కుట్టు చాలు, గంటలో అయిపోతుంది. బొంత ముందుగా ఆర్డరు వచ్చినప్పుడే కుట్టాలి, చీటీ మీద కుట్టినామె పేరు ఉండాలి.

మా సంఘంలో వచ్చే సర్వసభ్య సభకి తీర్మానం పెట్టినాము: ముక్కలపని చేసే ప్రతి ఆడమనిషీ తన పేరుతో షేరు తీసుకోవాలి, కూలి ఆమె బ్యాంకు ఖాతాకే పోవాలి. బైలా మార్చాలంటే సహకార శాఖ ఆమోదం కావాలి, అది తిరిగేది నా పని. ముక్కలు కుట్టేది మగ్గం పనా అని మావోళ్లే కొందరు అడుగుతా ఉన్నారు. మగ్గం నుంచి వచ్చిన గుడ్డ కదా అన్నాను. ఓటు ఎట్లా పడుతుందో చూడాల. మీ మీ సంఘాల్లో కూడా ఈ మాట ఎత్తండి, ఒక్క ఊళ్లో జరిగితే దాన్ని ఆపడం సులభం.

ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను. పవర్‌లూమ్ ముక్కని చేనేత అని చీటీ అంటించద్దు. 2006లో వచ్చిన చేనేత గుర్తు మన గుడ్డని నమ్మి కొనేవాళ్లకోసమే. దొడ్డబళ్లాపురం నుంచి చుట్టాలు ముక్కలు పంపిస్తారు, వద్దనేది లేదు, కాళ్లు తుడుచుకునే పట్టాలకి వాడుకోవచ్చు. మూటలు తెచ్చేవాళ్లు నూలు ఒక సంచిలో, పట్టు ఒక సంచిలో, పవర్‌లూమ్ ఇంకొక సంచిలో కట్టి, పైన కాగితం మీద రాసి తీసుకురండి. కన్నడలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే.