తిరుగు ప్రయాణంలో ఊపిరి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా సైన్సు విషయం చెప్పమన్నారు. నేను అంతరిక్ష శాస్త్రవేత్తను కాను. పెద్ద భవనాలకు, ఫ్యాక్టరీలకు ఏసీ, గాలి సరఫరా అమర్చే ఇంజనీరును. అందుకే నా పనికి దగ్గరైన ప్రశ్న ఎంచుకున్నాను. వ్యోమగాములు భూమికి దిగేటప్పుడు క్యాబిన్‌లో వేడిని, గాలిని ఎట్లా అదుపులో ఉంచుతారు?

2022 మే 6న రాజా చారి మరో ముగ్గురితో ఫ్లోరిడా దగ్గర సముద్రంలో దిగారు. ఆయన తండ్రి హైదరాబాద్ నుంచి ఇంజనీరింగ్ చదువుకు అమెరికా వెళ్లినవారు. అలాంటి క్యాప్సూల్ గంటకు సుమారు 28 వేల కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి వస్తుంది. బయట దాదాపు 1900 డిగ్రీల వేడి. దాన్ని కవచం ఆపుతుంది. ఇది మనందరికీ తెలిసిందే.

లోపల పుట్టే వేడి గురించి మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచే 100 వాట్ల వేడి వస్తుంది. పరికరాల వేడి దానికి అదనం. కక్ష్యలో ఉన్నప్పుడు రేడియేటర్లు ఈ వేడిని బయటికి పంపుతాయి. చాలా క్యాప్సూళ్లలో రేడియేటర్లున్న భాగాన్ని దిగేముందే వదిలేస్తారు. స్పేస్ షటిల్‌లో అవి తలుపుల లోపలి వైపు ఉండేవి. దిగేముందు ఆ తలుపులు మూసేవారు. అప్పుడు నీటిని ఆవిరి చేసి చల్లబరిచేవారు. మన ఎండాకాలం కూలర్ సూత్రమే ఇది. ముసురు పట్టాక కూలర్ పనిచేయదు కదా! కారణం వేరైనా అక్కడా అంతే. కిందికి వచ్చేకొద్దీ గాలి ఒత్తిడి పెరిగి, తక్కువ వేడికే నీరు ఆవిరి కాదు. అందుకని ఆ దశలో అమ్మోనియా వాడేవారు. మన ఐస్ ఫ్యాక్టరీల్లో ఉండేదీ అదే.

ఇక గాలి సంగతి. ఒక మనిషి రోజుకు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. దాన్ని లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలతో పీల్చేయవచ్చు. అసలు ప్రమాదం వాల్వుల దగ్గర వచ్చింది.

1971 జూన్ 30న సోయుజ్ 11 దిగుతోంది. నేలకు దగ్గరయ్యాక బయటి గాలిని లోపలికి తేవాల్సిన వాల్వు 168 కిలోమీటర్ల ఎత్తునే తెరుచుకుంది. క్యాబిన్‌లో గాలి పోయింది. దొబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్ ముగ్గురూ చనిపోయారు. వాళ్ల ఒంటిమీద ప్రెషర్ సూట్లు లేవు. ఆ తర్వాత సోయుజ్‌లో సూట్లు తప్పనిసరి అయ్యాయి.

1975 జూలై 24న అపోలో దిగుతున్నప్పుడు వాల్వు తెరుచుకునే సమయానికి బయట థ్రస్టర్లు ఇంకా మండుతున్నాయి. వాటి విషవాయువు క్యాబిన్‌లోకి వచ్చింది. బ్రాండ్ స్పృహ తప్పారు. స్టాఫర్డ్ ఆక్సిజన్ మాస్కులు అందించారు. ముగ్గురూ బతికి, హోనలూలు ఆసుపత్రిలో కోలుకున్నారు.

మన దేశం కూడా ఈ దారిలోనే ఉంది. శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎస్‌ఆర్‌ఈ-1 క్యాప్సూల్ 2007 జనవరి 22న క్షేమంగా సముద్రంలో దిగింది. 2014 డిసెంబర్ 18న కేర్ మాడ్యూల్ దిగింది. వాటిలో మనుషులు లేరు. గగన్‌యాన్‌లో ఉంటారు. వాళ్ల ఊపిరి ఒక వాల్వును సరిగ్గా బిగించి, పదిసార్లు పరీక్షించే మనిషి చేతిలో ఉంటుంది. ఆ పని ఐటీఐ, డిప్లొమా చదివినవారూ చేయగలరు.

బీడీలు చుట్టిన తల్లులు, గల్ఫ్ పోయిన తండ్రులు చదివించిన పిల్లలం మనలో ఎందరమో ఉన్నాం. గురువులకు నా మనవి ఒకటే. ఆవిరి పాఠం వచ్చినప్పుడు కుండనీ, కూలర్‌నీ చూపించి, ఈ క్యాప్సూల్ సంగతి కూడా చెప్పండి. ఇబ్రహీంపట్నం పిల్లలకు అది దూరపు విషయం కాదని తెలియాలి.

సెలవు.