సంతలో కుంచం ఎవరి చేతిలో ఉంది?



ఈ రోజు పాడేరు, అరకు, చింతపల్లి బజార్లలో నడిస్తే సెల్‌ఫోన్ షాపులు, బట్టల కొట్లు, హోటళ్లు కనిపిస్తాయి. మన తాతల కాలంలో ఇవేవీ లేవు. వారానికి ఒక్క రోజు సంత. అదే మనకు బజారు, చుట్టాల కబుర్లు తెలిసే చోటు, పెళ్లి మాటలు కలిసే చోటు. కావిళ్లు భుజాన వేసుకుని, చీకటితోనే బయలుదేరి, కొండలు దిగి వెళ్లేవాళ్లం.

ఆ సంతలో మనం కొనేవాళ్లం మాత్రమే అనుకోకండి. మనలో పనివాళ్లు ఎంతోమంది. కొండకమ్మరి నాగలి కర్రు, గొడ్డలి, కొడవలి, బాణం ములుకు చేసేవాడు. ఆ పనికి కూలి కళ్లంలో ధాన్యంగా ముట్టేది. గదబ ఆడవాళ్లు చెట్టు నార తీసి, వడికి, తమ చీర తామే నేసుకునేవారు. వాల్మీకులు ఊరూరా తిరిగి సరుకు కొని సంతకు చేర్చేవారు. వెదురు తట్టలు, చేటలు, బుట్టలు అల్లేవాళ్లు వేరే ఉండేవారు.

పసుపు, చింతపండు, వలిసెలు, పిప్పళ్లు, తేనె, కరక్కాయలు, అడ్డాకులు మైదానానికి దిగేవి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, కిరసనాయిలు కొండెక్కేవి. అన్నిటికంటే విలువైనది ఉప్పే. అది కొండ మీద పండదు కదా!

మోసం కూడా అక్కడే మొదలయ్యింది. షావుకారు మన సరుకు కొనేటప్పుడు కుంచం మీద గోపురంలా పోగు పోయించుకునేవాడు. తన ఉప్పు అమ్మేటప్పుడు అదే కుంచాన్ని చేత్తో తుడిచి ఇచ్చేవాడు. వానాకాలంలో అప్పుగా ఇచ్చిన దానికి పంటకాలంలో చింతపండు, పసుపు తానే ధర కట్టి తీసుకుపోయేవాడు. లెక్క అతని పుస్తకంలోనే ఉండేది. ఆ అప్పు తీరక భూమి పోయింది, కొందరు గొత్తి చాకిరిలో పడ్డారు.

అందుకే చట్టాలు వచ్చాయి. ఏజెన్సీలో వడ్డీకి, భూమి బదలాయింపుకు అడ్డుకట్ట వేస్తూ 1917లో ఒక చట్టం తెచ్చారు. అటవీ ఫలసాయం కొనడానికి, నిత్యావసరాలు అమ్మడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో మరింత గట్టి చేశారు. మనమంతా 1/70 అనేది దాన్నే.

కాని చట్టం కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా, మనమే మన పేరు అరువిస్తే అది ఏం చేస్తుంది? కొట్టు మన పేరు మీద, లైసెన్సు మన పేరు మీద, గల్లాపెట్టె మాత్రం ఇంకొకరి చేతిలో. నెలకు ఇంత అని తీసుకుని సంతకం పెట్టేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. తాతలు అక్షరం రాక వేలిముద్ర వేశారు. చదువుకున్న మనం తెలిసి సంతకం పెడుతున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క మాట. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండించేది మనం. దాన్ని ఎండబెట్టడం, గ్రేడు కట్టడం, తూకం చూడడం, లెక్క రాయడం కూడా మనమే నేర్చుకోవాలి. చిన్న కొట్టైనా సరే, సొంతంగా పెట్టండి. ఊళ్లో కమ్మరి కొలిమి ఇంకా వెలుగుతుంటే మీ కర్రు అక్కడే చేయించండి. ఎవరికీ మీ పేరు అరువివ్వకండి.