మనసు గుర్తు



మనవడు టోక్యోలో ఉన్నాడు. అందుకని డెబ్బై నాలుగో ఏట కంజీ అక్షరాలు దిద్దుతున్నాను. జపాను ప్రభుత్వం 2010లో సవరించిన నిత్యవాడుక జాబితాలో అవి 2,136. కోపం, విచారం వంటి భావాల అక్షరాల్లో అడుగున మనసు గుర్తు ఉంటుంది. ఆ మనసుకు 'నశించడం' గుర్తును పక్కన చేరిస్తే 'తీరిక లేకపోవడం', పైన పెడితే 'మరచిపోవడం'!

అక్కడ నా కలం ఆగిపోయింది. సర్వీసులో ఉండగా మా ఆవిడ కాశీ చూడాలంటే "ఆడిట్ కానీ" అన్నాను. ఆడిట్లు అయ్యాయి. నేను మరిచాను. ఆమె కాలం చేసింది.

ఇప్పుడు 'కోరిక' అక్షరం దిద్దుతున్నాను. పందొమ్మిది గీతలు. మీ ఇంట్లో వాయిదాపడ్డ కోరిక ఏదైనా ఉంటే ఈ సాయంత్రమే అడగండి. సెలవు.